దీపం గది గంట

వార్దో,
జనవరి 9, 1957.

ప్రియమైన హల్వోర్‌కి,

నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. ఆమె మోకాళ్ళ సంగతి మామూలే. నువ్వు బాగున్నానని రాస్తే నమ్మే రోజులు పోయాయి కాబట్టి ఆ చెయ్యి ఎలా ఉందో నిజం రాయి. వేళ్ళలో తిమ్మిరి తగ్గిందా? డాక్టరుకు చూపించావా, లేక నీకు నువ్వే డాక్టరువా?

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. వంటింటి ట్యూబులైటు ఇప్పుడు మిణుకుమిణుకుమనడం లేదు. నువ్వు చెప్పినట్టే స్టార్టరు మార్చాను. కుర్చీ మీద కుర్చీ వెయ్యలేదు, ఒట్టు. రేవులో నువ్వు పెట్టిన పాదరసం దీపాలు బాగానే వెలుగుతున్నాయి. పడవలు సరుకు దించుకోవడానికి సుఖంగా ఉందట. కానీ చేపల షెడ్డులో పనిచేసే యెన్నీ మాత్రం నన్ను చూసినప్పుడల్లా దెప్పుతోంది. "మీ ఆయన పెట్టిన ఆ నీలి దీపాల కింద మా ఆయన మొహం నీటిలోంచి తీసిన శవంలా ఉంటోంది. ముద్దు పెట్టాలంటే భయమేస్తోందే!" అంటుంది. సినిమా హాలు మీది ఎర్ర నియాన్ అక్షరాల్లో ఒకటి మళ్ళీ ఆరిపోయింది. ఆరిపోనీ. నియాన్ పేరెత్తితేనే ఇప్పుడు నా గుండె గుభేలుమంటోంది.

సూర్యుడు కనబడకుండా పోయి ఏడు వారాలైంది. ఇంకో పది రోజులు దాటితే గానీ రాడు. బడి నర్సుగా ఎప్పటిలాగే పిల్లలకు సూర్యుడికి బదులు దీపం ఎండ పెడుతున్నాను. క్వార్ట్జ్ దీపం చుట్టూ చడ్డీలతో, నల్ల కళ్ళద్దాలతో ఎనిమిదిమంది కూర్చుంటారు. గంట కొట్టేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

సోమవారం ఉదయం ప్రమాదం జరిగింది. ఐదు నిమిషాలు ఉండాల్సిన దీపం ఇరవై నిమిషాలకు పైగా వెలిగింది. పిల్లల ఒళ్ళు కందిపోయింది. తోర్దిస్ తెలుసుగా, బడి కాపలాదారు పేదర్ మనవరాలు, ముందు పన్ను ఊడిన పిల్ల? ఆ పిల్ల అద్దాలు పైకి ఎత్తింది. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఏడుపు. డాక్టరు రెండు కళ్ళకూ కట్టు కట్టి, విప్పితే గానీ ఏమీ చెప్పలేనన్నాడు. ఆ రెండు రాత్రులూ నాకు కన్ను మూతపడలేదు.

ఐదు నిమిషాలు కాగానే గంట కొట్టే గడియారానికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది పేదర్. ముసలాయన నా దగ్గరికి వచ్చి టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. "సగమే తిప్పానేమోనమ్మా. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. నా చేతులారా నా మనవరాలి కళ్ళు కాల్చుకున్నాను" అన్నాడు. నేను ఊరుకోబెట్టాను. ఊరుకోబెట్టాను గానీ, కాదని అనలేదు.

హల్వోర్, ఆయన కీ సరిగానే ఇచ్చాడు. దీపం వెలిగించగానే గడియారం మీట నొక్కాల్సింది నేను. నేనే నొక్కలేదు.

దీపం వెలిగించి, అప్పుడే అందిన నీ ఉత్తరం విప్పాను. హోటలు నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరు షాకు కొట్టి నిచ్చెన మీంచి పడ్డానని నాలుగో పేజీలో ఏదో తమాషాలా రాశావు. మూడుసార్లు చదివాను. నువ్వు పోయి ఉంటే అన్న ఆలోచనలో పడి కొట్టుకుపోయాను. పిడుగు పడ్డాక వచ్చేలాంటి దీపం వాసన గదంతా నిండి ముక్కుకు ఘాటుగా తగిలాక గానీ నాకు స్పృహ రాలేదు. "నన్ను పిలవలేదేమర్రా!" అని అరిచాను. "గంట కొట్టలేదు కదా, సిస్టర్" అన్నారు పిల్లలు.

ఇది నీ ఉత్తరం తప్పు కాదు. అలా అనుకున్నావంటే నీతో మాట్లాడను.

ఇవాళ మధ్యాహ్నం తోర్దిస్ కళ్ళకు కట్టు విప్పారు. చూపు ఉంది! ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి, అయినా గోడ మీద అక్షరాలన్నీ చదివింది. నేను వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. పేదర్ మందు చీటీ కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళగానే ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగింది.

"మీరున్నారా, వెళ్ళిపోయారా అని అద్దాలు ఎత్తి చూశాను సిస్టర్. ఉత్తరం పట్టుకుని ఏడుస్తున్నారు. అందుకే పిలవలేదు. మీ ఏడుపు ఆగేదాకా చూస్తూ ఉన్నాను."

"తాతయ్యకు చెప్పావా?"

"లేదు. మీకు సిగ్గేస్తుందని."

ఆ కళ్ళు నన్ను చూస్తూ కాలాయి, హల్వోర్. పైగా ఆ ఏడేళ్ళ పిల్ల నా పరువు కాపాడుతోంది. అవతల వాళ్ళ తాతయ్య తానే ఆ కళ్ళు కాల్చానని కుమిలిపోతున్నాడు.

రేపు తొమ్మిదింటికి బడి కమిటీ కూర్చుంటుంది. పేదర్‌ను పనిలోంచి తీసేస్తారట. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. ఊళ్ళో తలెత్తుకోగలనో లేదో తెలియదు. భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. నా సంగతి నాకు తెలుసు. తెల్లారేసరికి ఏదో ఒక సాకు వెతుక్కుంటాను. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే తీసుకెళ్ళి రేవులో ఉన్న టపా ఓడలో వేస్తున్నాను. అది కదిలాక ఇక నాకు వెనక్కి తగ్గే దారి లేదు. అక్కడి నుంచి నేరుగా పేదర్ ఇంటికి వెళ్తాను. కమిటీ కంటే ముందు ఆయనకు చెప్పాలి.

ఇట్లు,
గంట మీట నొక్కని నీ భార్య,
బోర్గిల్డ్