ఐదో గ్లాసుకు యాభై ఎనిమిది

ఫిబ్రవరి 3
కంపెనీ నుంచి ఉత్తరం. పదకొండేళ్ల తర్వాత నా ముక్కు గుర్తొచ్చింది వాళ్లకు. ఎనిమిది గ్లాసులు, అన్నీ జపాన్ విస్కీలే, అన్నీ అక్కడి సొంత ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఊరినవి. మిజునారా అంటారు ఆ చెక్కని. రుచి చూసి మార్కులెయ్యడానికి ఐదుగురు కావాలి. ఒకాయన జబ్బుపడ్డాడు, ఆయన ఖాళీలోకి నేను. అంటే స్టెప్నీ టైరు.

కింద సంతకం నా బావమరిదిది. వాడికి పని నేర్పింది నేనే.

ఫిబ్రవరి 5
కూతురు వచ్చింది. ఇంట్లో కూర్చుని లోకం మీద కారాలూ మిరియాలూ నూరేకన్నా వెళ్లి రాకూడదా నాన్నా అంది. ఆ మాటల్లోనే నోరు జారింది. ఆ గ్లాసుల్లో మావయ్య స్వయంగా ఏరిన పీపా కూడా ఉందట. ఇరవై రెండేళ్లది. వచ్చే నెల రిటైరవుతున్నాడు, ఇదే ఆఖరి ఎంపిక. సగటున ఎనభై మార్కులొస్తే వాడి పేరు మీద విడిగా సీసాల్లోకి పోస్తారు. రాకపోతే మామూలు బ్లెండ్‌లో కలిపేస్తారు. నాతో చెప్పకూడదన్న సంగతి అంతా చెప్పాక గుర్తొచ్చింది దానికి.

విననట్టు పేజీ తిప్పాను.

ఫిబ్రవరి 6
వెళ్తున్నాను.

ఫిబ్రవరి 9
వాడు చేసిందేమిటో ఇక్కడైనా రాసి పెట్టుకోవాలి. పదకొండేళ్ల కిందట వార్షిక రిపోర్టులో ఒక్క వాక్యం రాశాడు: బావగారి భాష ఆయన ముక్కును మించిపోయింది. మీటింగులో చదివితే అందరూ నవ్వారు. ఆర్నెల్లకు నా కుర్చీలో వాడు.

బావమరిది బతక కోరతాడని సామెత. ఆ సామెత కట్టినవాడికి పెళ్లయి ఉండదు.

మా ఆవిడ పోయేదాకా మా ఇద్దరికీ వేరువేరు రోజుల్లో వడ్డించింది. నా మొగుడికీ నా తమ్ముడికీ కోపం ముక్కు మీదే ఉంటుంది, పని చేసేదీ దాంతోనే, ఇంకేం బాగుపడతారు అనేది.

పగ గురించి చాలా పుస్తకాలు చదివాను. తీర్చుకున్న మర్నాడు మనిషి ఏం చేస్తాడో ఒక్కడూ సరిగ్గా రాయలేదు.

ఫిబ్రవరి 12, ఉదయం 6
టేస్టింగు రోజు కదా, సబ్బు లేదు, కాఫీ లేదు, పేస్టు లేదు. ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించాను. అలవాటు పోలేదు.

ఫిబ్రవరి 12, సాయంత్రం 5
అదే గది. రంగు కనబడకుండా నీలం గ్లాసులు, వాటి మీద గాజు మూతలు. పక్కన నీళ్లు, ఉమ్మడానికి గిన్నె. ఎవరూ మాట్లాడకూడదు. వేసిన మార్కు దిద్దకూడదు. ఈ రూల్సన్నీ నేను పెట్టినవే.

మొదటిదాంట్లో వట్టి వెనిలా. రెండోది మూత తీశాను. గంధపు చెక్క. వెనకే కొబ్బరి. దాని వెనక, మా ఆవిడ బీరువా తలుపు తీసినప్పటి వాసన. మిజునారా చెక్క వంకర. చెప్పిన మాట వినదు. పీపా చేస్తే అతుకుల్లోంచి కారుతుంది. ఇరవై ఏళ్లు ఓర్చుకుంటే గానీ నోరు విప్పదు. అంతకాలం ఓర్చుకున్న మహానుభావుడెవరో అనుకుని తొంభై రెండు వేశాను. మావాడికి ఇంత సీను లేదనీ అనుకున్నాను.

ఐదోది మూత తీస్తుండగా తలుపు దగ్గర నిలబడ్డ బావమరిది దగ్గాడు. తలెత్తితే నన్నే చూస్తున్నాడు. దొరికాడు దొంగ. తనదేనని అంత ఆత్రం.

గ్లాసులో గంధం తగిలింది. తగిలిన మాట నిజం. తడిసిన పెన్సిలు అని రాశాను. యాభై ఎనిమిది.

ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద వాలాను. గెలిచినవాళ్లకూ ఒళ్లు నొప్పులుంటాయి కాబోలు.

ఫిబ్రవరి 14
కూతురు ఫోను. మావయ్యకు వారం నుంచి జలుబట. అందుకే టేస్టింగు గదిలోకి రానివ్వలేదట, పాపం గుమ్మంలోనే నిలబడ్డాడట.

ఫిబ్రవరి 17
బావమరిది ఇంటికొచ్చాడు. వాళ్లక్క పోయాక ఇదే రావడం. కూర్చోమంటే కూర్చోలేదు, తర్వాత వాడే కూర్చున్నాడు. రెండూ ఐదూ ఒకటే బావా అన్నాడు. రెండు గ్లాసుల్లోనూ తన పీపాదేనట.

ఎనిమిది గ్లాసుల్లో ఏడు రకాలే ఉంటాయి. ఒకటి రెండుసార్లు పోస్తారు, ఏదో ఎవరికీ చెప్పరు. ఆ రెండింటికీ ఐదు మార్కులు మించి తేడా వస్తే ఆ మనిషి ప్యానెల్ నుంచి అవుట్. ముప్పై ఏళ్ల కిందట నేనే పెట్టాను ఆ పరీక్ష. మరిచిపోలేదు. అది మిగతావాళ్ల కోసం అనుకున్నాను.

నా తేడా ముప్పై నాలుగు.

మిగతా నలుగురి సగటు డెబ్బై ఎనిమిదట. నేను రెండుసార్లూ తొంభై రెండు వేసి ఉంటే పీపా గట్టెక్కేది.

ఫారం తెచ్చాడు. కారణం అనే గడిలో రెంటిలో ఒకటే రాయాలి. ముక్కు అని రాస్తే నా మార్కులు తీసేస్తారు, అంతటితో సరి. పక్షపాతం అని రాస్తే మొత్తం రద్దు చేసి కొత్తవాళ్లతో మళ్లీ చేయిస్తారు, రాసినవాడి పేరు నోటీసు బోర్డుకెక్కుతుంది. ఇదీ నా రూలే. ముప్పై ఏళ్లలో తొమ్మిది మంది అవుటయ్యారు. తొమ్మిది మందీ ముక్కు అనే రాశారు.

వాడు ముందే పెన్సిలుతో రాసుకొచ్చాడు. ముక్కు. ఈ వయసులో మందగిస్తే తప్పేముంది బావా, మీరు సంతకం పెట్టండి, నేను చూసుకుంటాను అన్నాడు. మరి నీ పీపా అని అడిగాను. బ్లెండ్‌లో కలిస్తే కలుస్తుంది, అదీ ఎవడో ఒకడు తాగేదేగా అన్నాడు. ముక్కు చీదుకున్నాడు, జలుబుకే.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. రెండోదాంట్లో మీకేం తగిలింది బావా అని అడిగాడు. గంధం, కొబ్బరి అన్నాను. మూడోది చెప్పలేదు. ఇంకేదో ఉంది కదా అన్నట్టు నా వంక చూసి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 18
ఆ పాత రిపోర్టు వెతికి తీశాను. బావగారి భాష ఆయన ముక్కును మించిపోయింది. పదకొండేళ్లుగా ఈ వాక్యంలో తప్పు వెతుకుతున్నాను.

తడిసిన పెన్సిలు!

ఫిబ్రవరి 19
వాడి పెన్సిలు రాత చెరిపాను. పక్షపాతం, ఇంకుతో. ఎవరూ అడక్కపోయినా కింద ఇంకో వాక్యం రాశాను: ముక్కు నిక్షేపంగా ఉంది.