కాగితంలో చక్కెర

ప్రియమైన అట్టల బావకి,

నేను కులాసా. ఫోన్లో నువ్వు "ఊ", "సరే" తప్ప మాట్లాడవు కాబట్టి మళ్ళీ ఉత్తరమే రాస్తున్నా. పుస్తకాలకు అట్టలు కట్టే మనిషికి కాగితం కనిపిస్తేనే కదా నోరు పెగిలేది.

నీలి ఆకుపచ్చ నాచు సీసాల్లో బ్రహ్మాండంగా పెరుగుతోంది. ఆ చిన్న ప్రాణులు ఒంటి చుట్టూ జిగురు పూసుకుంటాయని చెప్పాను కదా. ఆ జిగురు చాలామటుకు చక్కెరల గొలుసే. యాసిడ్‌లో కాస్తే గొలుసు తెగి, చక్కెరలు విడివిడిగా వస్తాయి. ఏది ఎంతుందో తేల్చడమే నా పరిశోధన.

తంటా అక్కడే వచ్చింది. సగానికి పైగా గ్లూకోజే చూపిస్తోంది. ఈ జాతి నాచుకు అంత గ్లూకోజ్ ఉండదని మా మేడమ్ గారు. పోనీ నా పనిలో తేడా ఉందా అంటే, జిగురును వడపోత కాగితం మీద ఆరబెట్టి, పిసరంత కూడా వదలకుండా బ్లేడుతో గోకి మరీ తీస్తున్నాను. కారణం తేలకపోతే నాచును మళ్ళీ మొదటినుంచి పెంచాలట. అంటే ఇంకో ఏడాది నువ్వక్కడ, నేనిక్కడ. నాకు ఏడుపొస్తోంది బావా.

నీ బంక

*

నా బంకా,

ఏడవకు. ఏడిస్తే నీ ముక్కు ఎలా ఉంటుందో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

గోకడం సంగతి చదివి నవ్వాపుకోలేకపోయాను. మీ అమ్మ, అదే మా అత్త, ఏమనేది? "ఇది పాలగిన్నె గోకిందంటే మీగడతో పాటు కళాయి పూత కూడా ఊడొస్తుందిరా" అనేది కదా. పాపం ఆ నాచు నీ చేతిలో పడింది.

ఇంకో ఏడాది అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. రెండు రోజులుగా కుట్టిన పుస్తకాలే విప్పి కుడుతున్నా. అన్నట్టు, నీ గది కింద ఒక గది ఖాళీగా ఉందన్నావు. దాని గుమ్మం వెడల్పెంత? ఊరికే అడిగాను.

నీ అట్ట

*

నా బంగారు బావకి,

గుమ్మం మూడడుగులు. టేపు పెట్టి కొలిచాను. ఎందుకో నువ్వే చెప్పాలి.

ఇప్పుడు అసలు కబురు. కళాయి అన్న మాట దగ్గర ఆగిపోయాను. గిన్నె గోకితే కళాయి వచ్చినట్టు, కాగితం గోకితే ఏమొస్తుంది? కాగితమే వస్తుంది. జిగురు చుక్క కూడా తగలని కొత్త కాగితాన్ని యాసిడ్‌లో వేసి చూశాను. మొత్తం గ్లూకోజే. కాగితం కూడా చక్కెర గొలుసేనని చిన్నప్పటినుంచీ చదువుకున్నదాన్నే, చేతిలో బ్లేడుండగా గుర్తు రాలేదు. ఇన్నేళ్ళుగా నువ్వు చక్కెరను మడిచి, కుట్టి, అట్టలు వేస్తున్నావు బావా. చీమలకు తెలియలేదంతే.

ఈసారి గాజు పళ్ళెంలో ఆరబెట్టాను. గ్లూకోజ్ దిగిపోయింది. మిగతా చక్కెరలన్నీ ఉండాల్సిన పాళ్ళలో వచ్చాయి. మేడమ్ గారు ఫలితాల కాగితం రెండుసార్లు చదివి, "ఇక రాయడమేగా, ఇంటి దగ్గరే కూర్చుని రాసుకో. పుట్టింట్లో కాదు, మీ ఆయన దగ్గర" అన్నారు. నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవడం లేదు. వచ్చే ఆదివారం వస్తున్నాను. వచ్చేయడమే, ఇక ఉత్తరాలు లేవు.

నీ బంక

*

నా బంకా,

ఉత్తరాలు లేవన్నావు గానీ ఇదొక్కటి తప్పదు. నువ్వు బయల్దేరే లోపు అందాలని దేవుడికి మొక్కుకుంటున్నా.

నువ్వు రాలేకపోతే నేనే కొట్టు ఎత్తేసి నీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. ఆ కింది గది గురించి మీ ఇంటిగలావిడతో మాట్లాడేశాను కూడా. నీ కోసం నేను ఇక్కడి బేరాలు పోగొట్టుకుంటానంటే నువ్వు ఒప్పుకోవు, అందుకే చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి కాగితాలు కోసే మిషను సగం గుమ్మం దాటింది. నలుగురు హమాలీలు మోస్తున్నారు. చదువుతూనే, "ఎత్తండి" అన్న నోటితోనే "దించండి" అన్నాను. మేస్త్రీ నా మొహం చూసి, "ఇంట్లోకా అయ్యా, వీధిలోకా?" అన్నాడు. నాకు నవ్వు ఆగక చెప్పలేకపోయాను. టీ తాగొస్తామని వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇటు తొంగి చూడలేదు.

ఇప్పుడది లోపలికి రాదు, బయటికి పోదు. నీకంటే పెద్ద బంక. వెనక సందు చుట్టి రాలేక నేను కొట్టు కిటికీలోంచే దిగుతున్నా, వీధి వీధంతా చూసి నవ్వుతోంది.

ఆదివారం వీధి గుమ్మం వైపు రాకు. వెనక తలుపు గడియ తీసి ఉంచుతాను.

నీ అట్ట