పొయ్యికి కావాల్సిన దమ్ము

2006 ఆగస్టు 12

తమ్ముడూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. నువ్వు చదవలేవని తెలుసు. అయినా నీ బిడ్డ సంగతి నీకే చెప్పుకోవాలి.

నువ్వు చేసిచ్చిన ఇనుప పొయ్యికి కింద గాలి రంధ్రం, దాని మీద జరిపే రేకు ఉన్నాయి కదా. "అక్కా, పొయ్యికి దమ్ము కావాలె" అన్నావు. గాలి ఆడాలని నీ మాట. మూసి మగ్గించాలని నేను అర్థం చేసుకున్నాను. మంట అందుకోగానే రేకు మూయించాను. నీ బిడ్డ పద్మ, నా కోడలు, తెరిచినప్పుడల్లా కట్టెలు దుబారా చేస్తోందని తిట్టాను. అది దగ్గుతూనే వండింది.

ఇవాళ మా ఇంటికొచ్చి వంటకు కూర్చున్న నీ భార్య రేకు పూర్తిగా లాగింది. పొగ తగ్గి మంట తేటగా లేచింది.

"ఏంది వదినె, దమ్మంటే మూసిపెట్టుడు అనుకున్నవా? గిదేమన్న బిర్యానీనా?"

చుట్టాలందరూ నవ్వారు. పద్మ నవ్వలేదు. సాయంత్రం తల్లి వెంట పుట్టింటికి, పినపాకకు బయల్దేరుతూ, "నీ లెక్కల కట్టెలున్నయి అత్తమ్మా, నా ఊపిరి లేదు" అంది.

ఇక జరగవలసినవి:

1. రాజేసేటప్పుడు రేకు పూర్తిగా తెరవాలి. నిప్పులు మిగిలాకే మూయాలి. మధ్యలో పొగ వస్తే మళ్లీ తెరవాలి.

2. పద్మను దవాఖానాలో చూపించాలి.

3. కబురు పంపకుండా పినపాకకు నేనే వెళ్లాలి. తప్పు నాదని అందరి ముందే చెప్పాలి.

4. అది రానంటే, కోపగించుకోకుండా ఒక్కదాన్నే తిరిగి రావాలి.

మీ అక్క