మందార చెట్టు మీది పిట్ట

అక్కకూ బావకూ రెడ్డెమ్మ దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, మీరూ బాగున్నారనుకుంటాను. బావ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి పోయి ఎడారి దుమ్ము మొదలైంది. తిండికి లోటు లేదు. బెంగ పెట్టుకోవద్దు.

మొన్న ఫోనులో నీ పక్కన మౌనిక ఉందని అసలు సంగతి చెప్పలేదు. అన్ని రోజులు నా ఫోను ఎందుకు పలకలేదో ఇప్పుడు రాస్తున్నాను. అంతా సర్దుకుంది, కంగారు పడకుండా చదువు.

నేను పనిచేసే ఈ అరబ్బుల ఇంటి పెరట్లో మందార చెట్టుంది. పొద్దున నేను బట్టలు ఆరేసేటప్పుడు చిన్న నల్లపిట్ట ఒకటి వచ్చి పూలలో ముక్కు పెట్టి తాగుతుంది. ఎండ పడితే నీలంగా మెరుస్తుంది. వీడియో కాల్‌లో దాన్ని చూసి నా బిడ్డ మౌనిక ఎగిరి గంతేసింది. "అమ్మా, అది హమ్మింగ్ బర్డు. గాల్లోనే నిలబడి తాగుతాది. బాగా కనపడేట్టు ఫొటో తీసి పంపియ్యి, మా టీచరుకు చూపిస్తా," అంది. నేను ఇక్కడికొచ్చాక అది నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

ఆ పిట్ట మహాతల్లి ఒకచోట నిలిస్తే కదా. ఒక ఫొటోలో తోక, ఇంకోదాంట్లో ఉత్త కొమ్మ. ఒకరోజు పై కొమ్మ మీద వాలితే ఫోను పైకెత్తాను. ఆ కొమ్మ వెనకే ఇంటావిడ కూతురి గది కిటికీ. ఇక్కడ ఇంటి ఆడవాళ్ళ ఫొటో పనిమనిషి తీసిందంటే ఊరుకోరు. మామా, అదే మా ఇంటావిడ, వెనకనుంచి వచ్చి ఫోను లాక్కుంది.

"ఎవరిని తీస్తున్నావు?"

"అస్ఫూర్ మామా, అస్ఫూర్," అన్నాను. అస్ఫూర్ అంటే పిట్ట. చూస్తే కొమ్మ మీద పిట్ట లేదు.

ఊరెళ్ళిన ఆమె భర్త, నన్ను పనికి పిలిపించుకున్న కఫీల్, తిరిగొచ్చాక తేలుస్తానని ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి పంపేస్తారేమోనని భయపడ్డాను. మౌనిక చదువు ఆగిపోతుందన్న దిగులుతో ముద్ద దిగలేదు.

శుక్రవారం ఆయన వచ్చాడు. నాతో లాక్ తీయించి అందరూ ఫొటోలు చూశారు. తోక, కొమ్మ, మళ్ళీ తోక, ఒకదాంట్లో నా బొటనవేలు. చూసీ చూసీ మామాకే నవ్వొచ్చింది. "ఖలాస్ రెడ్డెమ్మా," అని, అంటే ఇక అయిపోయిందని, ఫోను నా చేతిలో పెట్టింది. నేను ఏడ్చేశాను అక్కా.

మామా కూతురు ఆ పిట్ట పేరు వెతికింది. హమ్మింగ్ బర్డ్ ఇటువైపు ఉండదట. ఇది తేనెపిట్ట, మన దానిమ్మ చెట్టుకు వచ్చేదే. మౌనికకు మెల్లగా చెప్పు, చిన్నబుచ్చుకోనీకు.

సెలవు మీద మన ఊరొస్తున్న సుబ్బన్నతో ఒక ఫొటో ప్రింటు తీయించి పంపుతున్నాను. అతను తిరిగొచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి ఇచ్చి పంపు. ఫొటో తీసింది మామాయే. "బిడ్డకు పిట్ట ఒక్కటే ఎందుకు, నువ్వూ నిలబడు," అంది. పిట్ట మసకగానే పడింది. వెనక బట్టల తీగ దగ్గర నేను మాత్రం స్పష్టంగా ఉన్నాను. చిక్కిపోయానని మౌనిక అంటే, వెలుతురు వల్ల అట్లా కనపడుతోందని చెప్పు.

పెద్దలందరికీ నా దండాలు. మీ దీవెన నా మీద ఉండాలి. నా బదులు మౌనిక తల నిమురు.

నీ చెల్లెలు,
రెడ్డెమ్మ