పీకేసిన ఎర్ర లైటు వైరు

శుక్రవారం, రాత్రి

నాయన పాత కారు తాళం తిప్పితే ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలగలేదు. ఇంజన్ స్టార్ట్ కాకముందు అది వెలిగి తీరాలి. బల్బు పోయిందేమోనని బానెట్ ఎత్తాను. వైరు పీకి, కొసకు టేపు చుట్టి, శుభ్రంగా పక్కకు కట్టి ఉంది.

"ఎవురు పీకినారు నాయనా?"

"నేనే. ఆ లైటు ఎలిగినప్పుడల్లా మీయమ్మ బెదురుకుంటాండాది. దానికే పీకేసినా."

మెకానిక్‌ను కన్న తండ్రి చేసే పనేనా ఇది! మీటరు బిగించి చూశాను. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ ప్రెషర్ బాగానే ఉంది. వేడెక్కాక, బండి నిలబడి ఉండగానే ముల్లు సున్నా దగ్గరికి జారింది. లోపల బేరింగులు అరిగినట్టున్నాయి, ఇలాగే నడిపితే ఇంజన్ దారిలోనే పట్టేస్తుంది. ఇదే కారులో అమ్మను వజ్రకరూరు దాకా తిప్పుతున్నాడు, పాటలు పెట్టుకుని.

"బాగానే పోతాండాది కదప్పా," అన్నాడు మెల్లగా.

కోపం నిలవలేదు. వైరు మళ్లీ తగిలించాను.

సాయంత్రం మిద్దె మెట్లెక్కుతూ నాయన సగంలో ఆగాడు. గోడకు చెయ్యి ఆనించాడు. ఏమైందని అమ్మ కింద నుంచి అడిగింది.

"ఏం లేదులే. మబ్బు పట్టిందేమోనని చూస్తాండా."

నేనూ తలెత్తి చూశాను. ఆకాశంలో ఒక్క మబ్బు తునక కూడా లేదు.