రంగు కింద చెక్క

దేవుడి మీద భారం వేశాక మళ్ళీ మన కళ్ళతో చూసుకోవడం అపనమ్మకమా అని ఏళ్ళుగా నాకో అనుమానం. ఇవాళ మాత్రం దణ్ణం పెట్టుకుని, మనం కొనాలనుకున్న ఆ పాత పడవను చూడటానికి రేవుకు వెళ్తున్నాను. టార్చి, స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉన్నాయి, వెతక్కు. బ్రోకరు వస్తే నేను వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు. కొత్త రంగు కింద చెక్క పుచ్చిందేమో పొడిచి చూసి, గంటసేపు నీళ్ళలో ఉంచి కారుతుందేమో చూస్తాను. రేపు అందులో వేటకెళ్ళేది మన పెద్దాడు.

ఇంకొకటి. మొదటి పడవ కొన్నప్పుడు "రంగు చూసి మురిసిపోకండి, అడుగు తట్టి చూడండి" అన్నావు. "దేవుడికి లేని అనుమానం నీకెందుకే" అని నీ నోరు మూయించాను. నెల తిరక్కుండా అది మునిగితే, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి కూడా ఒప్పుకోలేదు. నువ్వన్నదే నిజం. పదకొండేళ్ళుగా నీకు బాకీ ఉన్న మాట ఇది.