మొహమాటానికి కట్టిన కార్డు

మార్చి 3, సోమవారం

పొద్దున్నే మీటింగ్. కార్తీక్ కొత్త చార్టు తెచ్చాడు. నాకంటే చిన్నవాడు, నా పైవాడు, మనిషి చెడ్డవాడు కాదు — అదే చిక్కు.

ఏడాదికి ఒకసారి కట్టి ఎన్నిసార్లయినా మా థీమ్ పార్కుకి వచ్చే ఫ్యామిలీ కార్డు ఇకనుంచి దాదాపు రెట్టింపు. పాతవాళ్ళకీ, కొత్తవాళ్ళకీ ఒకటే రేటు. దాంతోపాటు మధ్యాహ్నం ముద్ర కూడా ఎత్తేస్తారట. చేతి మీద ముద్ర వేయించుకుని బయటికి వెళ్ళి మళ్ళీ రావడం ఇక కుదరదు. గేటు దాటావా, ఆ రోజుకి అంతే.

చార్టులో ఒక గీత భోజనాల వేళకి గేటు బయటికి పోతుంది, రెండింటికి మళ్ళీ లోపలికి వస్తుంది. "దీన్నే లీకేజ్ అంటాం గైస్. మన ఫుడ్ కోర్టు నుంచి వీళ్ళంతా లీక్ అయిపోతున్నారు."

ఆ గీతలో నేనూ ఉన్నాను, పులిహోర డబ్బాతో సహా. నోరు విప్పలేదు.

మార్చి 4

ఎందుకు విప్పలేదు? మా ఆయన రవి ఆఫీసులో ప్రాజెక్టు లేక బెంచి మీదకొచ్చి ఇది రెండో నెల. అందుకు. ఇంకేముంది రాయడానికి.

మార్చి 9, ఆదివారం

పార్కుకి వెళ్ళాం. మేం ముగ్గురం, పద్మక్క వాళ్ళు నలుగురు. ఎదురెదురు ఫ్లాట్లు, ఒకేసారి బయల్దేరతాం, నల్లగండ్ల దాటేలోపే పద్మక్క భర్త యాదగిరన్న కారు మాయం. ఆయన ముందు పోయి చెట్టు పట్టాలి కదా మరి.

బయటి తిండి లోపలికి రానివ్వరు. అందుకని మధ్యాహ్నం అందరం పార్కింగులో వేపచెట్ల కిందికి చేరతాం. ఒక్కో గుంపుకి ఒక్కో చెట్టు. గోడవారన నిజాంపేట వాళ్ళు, వాటర్ ట్యాంకు దగ్గర కర్నూలు వాళ్ళు. డిక్కీలు తెరుస్తారు, దుప్పట్లు పరుస్తారు. పద్మక్క పచ్చిపులుసు, నా పులిహోర, కర్నూలావిడ ఉగ్గాని — ఎవరి డబ్బా వాళ్ళు తినగా నేనైతే చూడలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. ఆ కర్నూలావిడ కూతురి పెళ్ళి సంబంధం కుదిరింది కూడా ఆ చెట్టు కిందే, నిజాంపేట వాళ్ళ బంధువులబ్బాయితో.

పద్మక్క కాళ్ళు చాపుకుని కూర్చుని — "లోపలియన్ని పోరగాండ్లకు, చెల్లె. మనకు గిదే పార్కు."

ఆమెకు తెలియదు, నాకు తెలుసు. "వచ్చే నెల మా ఆడబిడ్డను గూడ తోలుకొస్త" అంటోంది. నేను తలూపాను. తలూపి ఇంకొంచెం పచ్చిపులుసు పోసుకున్నాను, సిగ్గులేకుండా.

మార్చి 12, బుధవారం

ఇవాళ చెప్పాను! ఆ గీతలో ఉన్నవాళ్ళే ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు కార్తీక్, వాళ్ళు వచ్చేదే ఆ చెట్ల కింద కూర్చోవడానికి అని.

"పార్కింగులో తినడానికి పార్కు కార్డు ఎవరు కొంటారు బిందు గారూ?"

అందరూ నవ్వారు. అలా అంటే నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా, నచ్చజెప్పినట్టు — "లాయల్ కస్టమర్స్ ఎక్కడికీ పోరండీ. అందుకే కదా లాయల్ అంటాం."

పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గాని, పొగ పెడుతున్నట్టు తనకే తెలియనివాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

మార్చి 14

మెసేజులు వెళ్ళాయి. తెలుగులో రాసింది నేనే. "మీకు మరింత మెరుగైన అనుభూతి కోసం..." ఎవరి అనుభూతో, ఏం మెరుగో.

సాయంత్రం లిఫ్టులో పద్మక్క ఫోన్ చూపించింది. "గిదేంది చెల్లె, గింత పెంచిన్రు? ముద్ర గూడ తీసేస్తరట? నీకు తెల్వదా?"

"పైవాళ్ళ నిర్ణయం అక్కా" అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

మార్చి 18, మంగళవారం

రెన్యువల్స్ పడిపోయాయి. నా టీమ్ పనే రెన్యువల్స్. కార్తీక్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నెలాఖరుకి టార్గెట్ రాకపోతే మా టీమ్‌ని బెంగళూరు వాళ్ళలో కలిపేస్తారట. కలపడమంటే ఉద్యోగాలు పోవడమేనని ఈ ఏరియాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

"మీ అపార్ట్‌మెంట్‌లోనే బోలెడు కార్డులున్నాయి కదండీ. మీ వాళ్ళే కదా. ఒక్క ఫోన్ కొట్టండి."

మీ వాళ్ళే కదా.

మార్చి 19

ఫోన్ తీశాను, పెట్టేశాను. మళ్ళీ తీశాను... రవి చూసి — "అడిగితే ఏం పోతుందే? ఇష్టం లేకపోతే కాదంటారు."

కాదనరు. అదే నా బాధ. రవికి ఇన్నేళ్ళొచ్చినా ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు ఎదురుగా నిలబడి అడిగితే కాదనే నోరు మనవాళ్ళలో ఎవరికుంది? ఈ కంపెనీలో లాయల్టీ అని చార్టులు గీస్తున్నది సగం మొహమాటమే. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది. డైరీలో కూడా రాయను.

మార్చి 20, గురువారం

అడిగాను.

ఫోన్‌లో కాదు, పద్మక్క ఇంటికి వెళ్ళే అడిగాను. అది ఇంకా అన్యాయం. ఫోన్ అయితే సిగ్నల్ లేదనైనా తప్పించుకునేది. టీ పెట్టింది. నేను రేట్ల గురించి ఏమీ మాట్లాడలేదు. టీమ్ గురించి, బెంగళూరు గురించి, రవి గురించి చెప్పాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కావాలని తెచ్చుకోలేదు, కానీ వచ్చినందుకు లోపల సంతోషించాను. ఇది రాయకుండా ఉండలేను.

"అయ్యో, ఫికర్ జెయ్యకు. నువ్వు అడిగినంక కాదంటనా?"

యాదగిరన్న సోఫాలో టీవీ చూస్తూ ఉన్నాడు. తల తిప్పలేదు. టీవీ సౌండ్ మాత్రం తగ్గించాడు.

నేను లేచేసరికి కట్టేసింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో "నేను కట్టిన" అని పెట్టింది కూడా, నాకోసం. పద్మక్క కట్టిందంటే మిగతావాళ్ళు ఆగరు.

మార్చి 22

దాదాపు అందరూ కట్టారు. ఆఫీసు గ్రూపులో నా పేరు, పక్కన వరసగా చప్పట్లు.

హాయిగా నిద్రపోయాను. నిజం.

మార్చి 25

పద్మక్క సాయంత్రం నడకకి రాలేదు. మోకాళ్ళట.

మార్చి 27

కింద అపార్ట్‌మెంట్ పార్కులో నడుస్తోంది. పై అంతస్తు వాళ్ళతో. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

మార్చి 30, ఉగాది

పచ్చడి ఇవ్వడానికి వెళ్ళాను. తలుపు పద్మక్క కూతురు సంజన తీసింది. గిన్నె అందుకుని "అమ్మ పూజలో ఉంది ఆంటీ" అంది పిల్ల. లోపల మిక్సీ తిరుగుతోంది. మిక్సీ వేసుకుంటూ చేసే పూజ ఏదో నాకు తెలియదు.

చేదు ముందు తగిలింది ఈసారి పచ్చడిలో. వేపపువ్వు ఎక్కువ వేశావన్నాడు రవి. ఎప్పుడూ వేసేంతే వేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

పార్కులో డ్యూటీ. ఒకటో తారీకున ముద్ర ఎత్తేశాక మొదటి పండగ ఆదివారం. భోజనాల వేళకి పార్కింగులోకి వెళ్ళాను. చెట్ల కింద ఒక్క దుప్పటి లేదు. కర్నూలు వాళ్ళు లేరు, నిజాంపేట వాళ్ళు లేరు. ఎండ, రాలిన పువ్వు, ఎవరిదో ఒక చిన్న చెప్పు. ఫుడ్ కోర్టుకి వెళ్ళి చూశాను, అక్కడా లేరు. ఉన్నవాళ్ళంతా కొత్తవాళ్ళు. ఆఫీసుల నుంచి బస్సులేసుకుని వచ్చినవాళ్ళు, మళ్ళీ వస్తారో రారో తెలియని వాళ్ళు.

వాచ్‌మన్ కుర్చీలో కాళ్ళు చాపుకుని — "ఇగ మంచిగుంది మేడం, పార్కింగ్ పరేషానే లేదు."

ఏడుపొచ్చింది. డ్యూటీ చీరలో, ఎండలో, పార్కింగులో నిలబడి ఏడ్చాను. ఎవరూ చూడలేదు, చూడటానికి ఎవరున్నారని.

ఏప్రిల్ 8, మంగళవారం

రివ్యూ. లీకేజ్ గీత నేలకి అంటుకుపోయింది. చప్పట్లు.

రెన్యూ అయిన కార్డులు గేటు దగ్గర ఎన్ని వాడారో చూద్దామా అన్నాను. కార్తీక్ — "అది నెక్స్ట్ క్వార్టర్ చూద్దాం బిందు గారూ, ఇవాళ సెలబ్రేట్ చేద్దాం." కేకు కోయించాడు, నాతోనే.

సీటుకి వచ్చి నేనే చూసుకున్నాను. మా అపార్ట్‌మెంట్ కార్డుల్లో ఈ నెల గేటు దగ్గర వాడింది ఒక్కటే. నాది.

కట్టారు. రారు. వచ్చే ఏడాది కట్టరు కూడా. అప్పుడు కార్తీక్ ఇంకో కంపెనీలో ఉంటాడు, ఏ ఎండకా గొడుగు పట్టేవాడు.

ఏప్రిల్ 11

పైనుంచి మెయిల్. నేను చేసిన పనిని కంపెనీ మొత్తం చేయాలట. ప్రతి ఉద్యోగీ తనకు తెలిసిన కుటుంబాలకు స్వయంగా ఫోన్ చేయాలి. దానికి పేరు కూడా పెట్టారు: "మనవాళ్ళు". ఇరవై ఒకటో తారీకు సోమవారం ట్రెయినింగ్. నేర్పేది నేను.

ఏం నేర్పను? టీ తాగేదాకా రేటు ఎత్తొద్దని చెప్పనా?

ఏప్రిల్ 13, ఆదివారం

మా అమ్మాయి చిన్ని మొహం వేలాడేసుకుని వచ్చింది. సంజన ఆటకి రావట్లేదట.

"వాళ్ళమ్మ నీ ఫోన్ ఎత్తొద్దందట అమ్మా. మళ్ళ ఏదో అమ్ముతది అందట. నువ్వేం అమ్ముతావమ్మా?"

ఏమీ అమ్మనని చెప్పాను. చిన్ని నమ్మింది.

ఏప్రిల్ 15

కట్టిన నెలలోపు వద్దనుకుంటే మొత్తం వెనక్కి ఇస్తారు. షరతుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. ఆ రోజు నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. పంతొమ్మిదితో గడువు అయిపోతుంది.

చెబితే పద్మక్క వెనక్కి తీసుకుంటుంది. ఆమె తీసుకుంటే అందరూ తీసుకుంటారు. అప్పుడు కేకు కోసిన చెయ్యి ఎవరిదో అందరికీ గుర్తొస్తుంది.

రవితో అన్నాను. "చెప్పెయ్యి, మనుషుల కన్నా ఎక్కువా" అన్నాడు. అదే ఊపిరిలో — "నాకు ప్రాజెక్టు దొరికేదాకా ఆగితే..." ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఏప్రిల్ 17

అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను. అక్కా, నాదే తప్పు. అక్కా, డబ్బు వెనక్కి వస్తుంది, నేను దగ్గరుండి చేయిస్తాను. ఉద్యోగం పోతే పోనీ, నువ్వు తలుపు తియ్యి.

రేపు పొద్దున, ఆఫీసుకి వెళ్ళేముందు.

ఏప్రిల్ 18, శుక్రవారం

వెళ్ళాను. బెల్ కొట్టాను. పద్మక్కే తీసింది. సగమే తీసింది.

చెప్పులు విడవబోయాను. లోపలికి రమ్మనలేదు. మళ్ళీ తొడుక్కున్నాను.

నన్ను కాదు, నా మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డుని చూస్తూ — "ఏంది మేడం, చెప్పుండ్రి. మల్లేమన్న కట్టాల్నా?"

మేడం.

నేర్చుకున్నదంతా ఎటు పోయిందో. ఏం లేదండీ, ఊరికే వచ్చానండీ అన్నాను. ఈ ఇంటికి వచ్చాక ఆమెని అండీ అనడం ఇదే మొదలు. తలుపు మెల్లగా వేసింది, విసురుగా కాదు. ఇంకెవరైనా అయితే విసిరేవాళ్ళు.

డబ్బు వెనక్కి అడిగే గడువు రేపటిదాకా ఉంది. ఎదురుగా ఆ తలుపూ ఉంది. సోమవారం ట్రెయినింగ్‌కి ఎవరెవరు వస్తారో పేర్లు పంపమని కార్తీక్ రెండుసార్లు అడిగాడు...